లయ తప్పిన గుండె - కేథటరు చికిత్స తరువాతి సంవత్సరములు

మానవుని గుండె నిమిషమునకు సుమారు 72 పర్యాయములు కొట్టుకొనునని మనము పాఠ్యపుస్తకములలో చదువుకొనియున్నాము. ఈ సంఖ్యను ఒక దినమునకు లెక్కించినచో 1,03,680 అగును. ఇన్ని పర్యాయములలో ఒకటి రెండు దెబ్బలు ముందు వెనుకలైనంత మాత్రమున భయపడ నక్కరలేదు. కాని లయయే తప్పిపోయి, గుండె గంటల తరబడి పరుగెత్తుచుండిన యెడల అది వ్యాధి. అట్టి వ్యాధులలో కొన్నింటికి నేడు కత్తిపెట్టి కోయకుండ, సన్నని తీగవంటి గొట్టమును గుండెలోనికి పంపి చేయు చికిత్స యున్నది. దీనిని కేథటర్ ఎబ్లేషన్ అందురు. ఈ చికిత్స జరిగిన దినమున రోగియు, బంధువులును అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇక జబ్బు పోయినట్లేనా?" ఈ ప్రశ్నకు సమాధానము ఆ దినమున దొరకదు. సంవత్సరముల మీద దొరకును. ఆ సమాధానమేమో ఈ వ్యాసములో విచారింతము.

గుండెలోని విద్యుత్తు

గుండెకు పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు కలవు. కుడి కర్ణిక పైభాగమున నున్న సిరాకర్ణికా కణుపులో విద్యుత్ప్రేరణ పుట్టును. దీనిని 1907లో కీత్, ఫ్లాక్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ ప్రేరణ కర్ణికల నిండ వ్యాపించి, కర్ణికా జఠరికా కణుపును చేరి, అచ్చట క్షణములో కొంత భాగము ఆగి, తరువాత జఠరికలకు దిగును. 1906లో ఈ రెండవ కణుపును వివరించినవాడు జపాను దేశీయుడగు తవారా. కర్ణికలకును జఠరికలకును నడుమ విద్యుత్తు ప్రవహింపని పొర యొకటి యుండుటచే, ఆరోగ్యవంతుని గుండెలో క్రిందికి దిగుటకు ఈ కణుపు తప్ప వేరు దారి లేదు.

కొందరికి పుట్టుకతోనే వేరొక దొంగదారి యుండును. ప్రేరణ ఒక దారిని దిగి, రెండవ దారిని పైకెక్కి, మరల మొదటి దారిని దిగును. బయటికి పోవు దారి దొరకని వాహనము అవుటర్ రింగు రోడ్డు మీద చుట్టును తిరుగుచున్నట్లు, ఆ ప్రేరణ తిరుగుచునే యుండును. ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క దెబ్బ. నిమిషమునకు 180, 200 దెబ్బలు పడవచ్చును. ఈ దొంగదారి గలవారిని 11 మందిని పరీక్షించి 1930లో వుల్ఫ్, పార్కిన్సన్, వైట్ అను వైద్యులు వర్ణించిరి.

రెండవ రకము కర్ణికా కంపము, అనగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఇందులో ఒక్క దారి కాదు, అనేక తరంగములు ఒకేసారి కర్ణికలలో కలగాపులగముగ తిరుగును. గచ్చిబౌలి కూడలిలో సాయంకాలము సంకేత దీపము లారిపోయినచో వాహనము లెట్లుండునో కర్ణికల స్థితి అట్లుండును. కర్ణికలు సరిగా ముడుచుకొనక వణకుచుండుటచే అందులో రక్తము నిలిచి గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము వచ్చును. మూడవ రకము జఠరికలనుండి పుట్టు వేగము. ఇది కొన్ని సందర్భములలో ప్రాణాపాయకరము.

కత్తినుండి కేథటరునకు

1968లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున విల్ సీలీ అను శస్త్రవైద్యుడు, చేపలు పట్టి జీవించు ఒక యువకుని రొమ్ము తెరచి, గుండెమీది దొంగదారిని కోసివేసెను. జబ్బు కుదిరినది. కాని ప్రతివానికిని రొమ్ము కోయుట సులభము కాదు గదా! 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో షైన్‌మన్ అను వైద్యుడు కేథటరు ద్వారా విద్యుద్ఘాతము నిచ్చి కర్ణికా జఠరికా కణుపును పాడుచేయగలిగెను. ఆ రోగికి తరువాత జీవితాంతము పేస్‌మేకర్ కావలసివచ్చెను. 1987 నుండి ఈ ఘాతమునకు బదులు రేడియో పౌనఃపున్యము గల విద్యుత్తును మనుష్యులలో వాడ నారంభించిరి. దానితో పని సున్నితమైనది.

చికిత్స జరుగు విధానమిది. తొడ మొదట నున్న సిరలో సూది గ్రుచ్చి, అందుండి కేథటర్లను గుండెలోనికి త్రోయుదురు. వాని కొనలయందలి లోహపు కడియములు గుండెలో ఏ చోట విద్యుత్తు ఏ క్షణమున పోవుచున్నదో తెలుపును. ఇట్లు పటము గీసికొని, దోషస్థానమున కొనను ఆనించి విద్యుత్తును పంపుదురు. అచ్చటి కండ సుమారు 50 డిగ్రీల సెంటిగ్రేడును దాటినచో జీవకణములు చచ్చి, కొన్ని మిల్లీమీటర్ల మేర మచ్చ ఏర్పడును. మచ్చలో విద్యుత్తు ప్రవహింపదు. దారి మూసుకొనును. వేడికి బదులు గడ్డకట్టించు చలిని వాడు పద్ధతియు, అతిస్వల్పకాలపు విద్యుత్ క్షేత్రములను వాడు క్రొత్త పద్ధతియు నేడు కలవు.

తరువాత ఏమగును?

దొంగదారి గలవారి విషయమున ఫలితములు మిక్కిలి తృప్తికరములు. 1991లో జాక్‌మన్ మొదలగువారు 166 మందికి ఈ చికిత్స చేసి 164 మందిలో దారిని మూయగలిగిరి. సగటున 8 నెలలు కనిపెట్టి చూడగా 15 మందిలో దారి తిరిగి తెరచుకొన్నది. వారందరికిని రెండవసారి చేయగా మరల మూసుకొన్నది. దారి ఒక్కటే, అది మూసుకొన్న పిదప వ్యాధికి ఆధారమే లేదు. ఇట్టివారిలో పెక్కుమంది మందులు మాని, చదువులు, ఆటలు, ఉద్యోగములు మామూలుగ సాగించుకొందురు. కర్ణికా జఠరికా కణుపులోనే రెండు దారులుండు రకమునకును ఫలితము లిట్టివే. కాని అచ్చట అసలు దారియు ప్రక్కనే యుండుటచే, నూటికి ఒకరికన్న తక్కువమందికి అది దెబ్బతిని పేస్‌మేకర్ అవసరము కావచ్చును.

కర్ణికా కంపము సంగతి వేరు. 1998లో ఫ్రాన్సు దేశములోని బోర్డో నగరమున హైసగేర్ అను వైద్యుడు 45 మందిని పరీక్షించి, కంపమును రేకెత్తించు స్థానములు 69 గుర్తించెను. వానిలో నూటికి 94 ఊపిరితిత్తులనుండి వచ్చు సిరల లోపల నుండెను. నాటినుండి ఈ సిరల మొదళ్ళ చుట్టును మచ్చల కంచె వేయుట ముఖ్య చికిత్స అయినది. కాని కంచెలో ఒక చిన్న సందున్నను విద్యుత్తు దూరిపోవును. సగము కాలిన కండ కొన్ని వారములకు కోలుకొనవచ్చును. అంతేకాక, రక్తపుపోటు, స్థూలకాయము, వయస్సు మొదలగు వానివలన కర్ణికలు సాగి, క్రొత్తచోట్ల వ్యాధి పుట్టవచ్చును.

సంఖ్యలను చదువు విధము

బోర్డో వైద్యులే 100 మంది రోగులను 5 సంవత్సరములు కనిపెట్టి, ఆ ఫలితమును 2011లో ప్రకటించిరి. ఒక్కసారి మాత్రమే చేసిన చికిత్సను లెక్కించినచో, వ్యాధి తిరిగి రానివారు మొదటి సంవత్సరాంతమున నూటికి 40, రెండవ సంవత్సరాంతమున 37, అయిదవ సంవత్సరాంతమున 29. అవసరమైనవారికి మరల మరల చేసి, చివరి చికిత్సనుండి లెక్కించినచో ఈ సంఖ్యలు వరుసగా 87, 81, 63.

ఉపాధ్యాయులు ఈ రెండు వరుసలను నల్లబల్లమీద రేఖాపటముగ గీసి విద్యార్థులకు చూపవచ్చును. వ్యాధి అదే, రోగులు వారే. అయినను ఒక వరుస 29 వద్దను, మరియొకటి 63 వద్దను ముగియుచున్నది. రెండును సత్యములే. కనుక "ఈ చికిత్స నూటికి ఇంతమందికి ఫలించును" అని యెవరైన చెప్పినప్పుడు మూడు ప్రశ్న లడుగవలెను. ఎన్ని చికిత్సల తరువాత? ఎన్ని సంవత్సరముల తరువాత? వ్యాధి తిరిగి రాలేదని ఎట్లు తెలిసికొనిరి? ఒక దినము మాత్రము ఇ.సి.జి. తీసినచో కనబడని కంపము, చర్మము క్రింద అమర్చిన యంత్రముతో నెలల తరబడి చూచినచో కనబడును. మరియొక సంగతి: ఆనాటికంటె నేడు పనిముట్లు మెరుగుపడినవి. చికిత్స జరిగిన మొదటి 2, 3 నెలలలో పుండు మానుచుండగా వచ్చు దడను వైద్యులు ఓటమిగా లెక్కింపరు.

ఆయుస్సు పెరుగునా యనునది వేరొక ప్రశ్న. 2,204 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు ఎబ్లేషన్, రెండవ జట్టునకు మందులు ఇచ్చిన కబానా అను పరిశోధన ఫలితము 2019లో వెలువడెను. మరణము, తీవ్రమైన పక్షవాతము, రక్తస్రావము, గుండె ఆగుట అను నాల్గింటిని కలిపి చూడగా మొదటి జట్టులో నూటికి 8.0, రెండవ జట్టులో 9.2. ఈ తేడా యాదృచ్ఛికముగ వచ్చినదని కొట్టివేయుటకు వీలున్నంత చిన్నది. కాని కంపము తిరిగి వచ్చుట తగ్గెను, దినదిన జీవితము సుఖవంతమయ్యెను. గుండె బలహీనపడినవారి విషయము భిన్నము. 2018లో వెలువడిన పరిశోధన యొకటి అట్టి 363 మందిని పరిశీలించినది. ఎబ్లేషన్ జరిగినవారిలో మరణములు నూటికి 13.4, జరుగనివారిలో 25.0.

హైదరాబాదు నేర్పిన పాఠము

జఠరికలనుండి పుట్టు వేగమును గురించి మన హైదరాబాదు వైద్యులు చెప్పిన సంగతి యొకటి గమనింపదగినది. కేర్ ఆసుపత్రిలో డాక్టర్ సి. నరసింహన్, వారి సహచరులు కొందరు రోగులను పరీక్షించిరి. వారి గుండె సంకోచశక్తి చక్కగానే యున్నను జఠరికా వేగము వచ్చుచుండెను. ఛాతీలోని లింఫ్ గ్రంథులు వాచియుండెను. కారణమును వెదకగా, గుండె కండలో చిన్నచిన్న కణికలుగ ఏర్పడు వాపు బయటపడెను. కొందరిలో దానికి మూలము క్షయ, కొందరిలో సార్కాయిడోసిస్ అను వ్యాధి. ఈ పరిశీలన 2011లో అమెరికా హృద్రోగ కళాశాల పత్రికలో ప్రచురితమైనది. దీనినుండి తేలిన నీతి సులభమైనది. మంట రగులుచుండగా ఒకచోట మచ్చ వేసి దారి మూసినను, మరియొకచోట క్రొత్తదారి ఏర్పడును. మొదట మంటను ఆర్పవలెను. డాక్టర్ నరసింహన్ తరువాత గచ్చిబౌలిలోని ఎ.ఐ.జి. ఆసుపత్రిలో ఈ విభాగమునకు సారథ్యము వహించిరి.

ఈ ఆసుపత్రి యున్న ప్రాంతమే సైబరాబాదు. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలు కంప్యూటరు పరిశ్రమకు నిలయములైనవి. పేస్‌మేకర్లను, ఎబ్లేషన్ పరికరములను తయారుచేయు మెడ్‌ట్రానిక్ సంస్థ యొక్క ఇంజనీరింగు కేంద్రము నానక్‌రామ్‌గూడలోనే యున్నది. ఈ ప్రాంతమున అనేకులు పగలెల్ల కూర్చుండియో, పరదేశముల వేళలకు తగినట్లు రాత్రులు మేల్కొనియో పనిచేయుదురు. ఇంగ్లండు మొదలగు బ్రిటిషు ప్రాంతములలో 2,83,657 మందిని గూర్చి 2021లో ప్రకటింపబడిన పరిశీలనలో, ఎల్లప్పుడును రాత్రిపని చేయువారికి కర్ణికా కంపము పగటిపని వారికంటె నూటికి 12 వంతులు అధికముగ కనబడెను. ఇది సంబంధమును చూపునే గాని, రాత్రిపనియే కారణమని రుజువు చేయదు. అయినను నిద్ర, బరువు, రక్తపుపోటులను నిర్లక్ష్యము చేయరాదని హెచ్చరించుచున్నది.

చికిత్స తరువాత కూడ ఈ హెచ్చరిక వర్తించును. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వైద్యులు ఎబ్లేషన్ జరిగిన కొందరికి బరువు, రక్తపుపోటు, మధుమేహము, నిద్రలో శ్వాస ఆగుట మొదలగు వానిని క్రమముగ అదుపుచేసిరి. వారిలో కంపము తిరిగివచ్చుట మిగిలినవారికంటె చాల తక్కువయని 2014లో తెలిపిరి. మద్యము మానుటవలనను మేలు కలుగునని మరియొక పరిశోధన 2020లో చూపెను. కేథటరు చేయునది ఒక గంట రెండు గంటల పని. మిగిలిన పని రోగి చేతిలో నున్నది.

ముఖ్యమగు జాగ్రత్తలు

దడ ఆగిపోయినదని రక్తము గడ్డకట్టకుండ వాడు మందును తమంతట తాము మానివేయువారు కలరు. ఇది అపాయకరము. చికిత్స తరువాత కనీసము రెండు మూడు నెలలు దానిని వాడవలెను. ఆపైన మానవచ్చునా యనునది గుండె దడనుబట్టి కాక, రోగి వయస్సు, రక్తపుపోటు, మధుమేహము, పూర్వము వచ్చిన పక్షవాతము మొదలగు వానిని బట్టి వైద్యుడు నిర్ణయించును. దడ తెలియకుండ కూడ కంపము వచ్చిపోవచ్చును గదా! అట్లే చికిత్స తరువాత జ్వరము, రొమ్ము నొప్పి, మ్రింగుటకు కష్టము, మాట తడబడుట కలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

చేతిగడియారములు సహితము నేడు నాడిని పరీక్షించుచున్నవి. 4,19,297 మందితో జరిగిన ఒక అమెరికా పరిశోధన 2019లో వెలువడెను. గడియారము లయ తప్పినదని హెచ్చరించినది నూటికి ఒకరికన్న తక్కువమందిని మాత్రమే. అట్టివారిలో ఇ.సి.జి. పట్టీ ధరించి తిరిగి ఇచ్చినవారిని చూడగా సుమారు మూడవవంతు మందికే అప్పుడు కంపము కనబడెను. గడియారపు మాట వైద్యుని వద్దకు పోవుటకు కారణము కావలెనే గాని, వ్యాధి నిర్ణయము కారాదు.

గడియారము లేనివారికి మూడు వ్రేళ్ళు చాలును. బొటనవ్రేలి మొదట మణికట్టుపై వ్రేళ్ళుంచి ఒక నిమిషము నాడిని లెక్కించుట ప్రతి విద్యార్థియు నేర్వదగిన విద్య. దెబ్బల సంఖ్య ఎంతయో, వాని నడుమ ఎడము సమముగ నున్నదో లేదో గమనింపుడు. ఇంటిలోని పెద్దల నాడి క్రమము లేక పరుగెత్తుచున్నట్లు తోచినచో వారిని వైద్యునివద్దకు తీసికొనిపొండు. దొంగదారి గలవారికి ఈ చికిత్స దాదాపు శాశ్వతమగు విముక్తి. కర్ణికా కంపము గలవారికి అది దీర్ఘమైన ఊరట. దానిని నిలుపుకొనుటకు మాత్రము సంవత్సరముల తరబడి శ్రద్ధ కావలెను.