లెక్కల్లో ఏది ముందు, ఏది వెనక?

షార్జాలో ఉంటూ దుబాయిలో ఉద్యోగం చేసేవాళ్ళకి ఇత్తిహాద్ రోడ్డు మీద ఆలోచించుకోడానికి బోలెడు సమయం దొరుకుతుంది. అలా ఆలోచించే, డేటాబేసులు వదిలి మెషీన్ లెర్నింగ్ వైపు వెళదామని రెండేళ్ళ క్రితం ఒక సాయంకాలపు కోర్సులో చేరాను. ముందు ప్రాబబిలిటీ తీసుకున్నాను. ఇంటర్మీడియట్‌లో పాచికలూ, పేకముక్కలూ లెక్కపెట్టిన ధైర్యం మరి!

నాలుగో వారానికి ఆ ధైర్యం కాస్తా జారిపోయింది. మా రోజుల్లో ఇంటర్‌లో చదివినవి బైనామియల్, పాయిజాన్. అవి విడివిడి సంఖ్యల వ్యవహారం, కూడితే సరిపోతుంది. ఇక్కడ ఎదురైంది నార్మల్ డిస్ట్రిబ్యూషన్. ఆ గంట ఆకారపు గీత కింద వైశాల్యం సరిగ్గా 1 అని చూపించాలి. మనకి తెలిసిన మామూలు ఇంటెగ్రేషన్ సూత్రాలేవీ దానికి పనిచెయ్యవు. ఆ ఇంటెగ్రల్‌ని దానితోనే గుణించి, రెండు చలరాశుల ఇంటెగ్రల్‌గా మార్చి, పోలార్ నిరూపకాల్లోకి వెళితే గాని ముడి విడదు. అంటే మల్టీవేరియబుల్ కేల్క్యులస్ ముందే వచ్చి ఉండాలి. నాకు రాదు. ఫీజు గోవిందా.

ఇప్పుడు మా అమ్మాయి వంతు. సెప్టెంబరులో ఇక్కడే యూనివర్సిటీలో చేరుతోంది. "స్టాటిస్టిక్స్ ముందు తీసుకుంటే మార్కులు తేలిగ్గా వస్తాయి కదా నాన్నా?" అంది. స్కాలర్‌షిప్పు నిలవాలంటే మార్కులు కావాలి, నిజమే. కాని ఒక కోర్సు తప్పితే అది మళ్ళీ ఏడాదికిగాని రాదు.

సీబీఎస్ఈ పన్నెండులో ఒక చలరాశి కేల్క్యులస్, మాత్రికలు అయ్యాయి కనక, నా ఓటు ముందు లీనియర్ ఆల్జీబ్రాకి. ఎంఐటీలో 18.06 అనే లీనియర్ ఆల్జీబ్రా కోర్సుకి 18.02, అంటే మల్టీవేరియబుల్, ముందు చదవాలని నియమం ఉంది. అయినా గిల్బర్ట్ స్ట్రాంగ్ 1999లో చెప్పిన ఆ పాఠాల వీడియోలు చూస్తే, కేల్క్యులస్ అవసరం పడేది బహు తక్కువ.

తిరగేసి చూడండి. మూడు అంకెలు తీసుకుని రెండు అంకెలిచ్చే ఫంక్షనుకి డెరివేటివ్ అంటే రెండు వరసలు, మూడు నిలువు వరసలున్న మాత్రిక. చెయిన్ రూల్ అంటే అలాంటి మాత్రికల గుణకారమే. న్యూరల్ నెట్‌వర్కుల్లో బ్యాక్‌ప్రొపగేషన్ అన్నదీ ఇదే. చివర తేలే లాస్ ఒక్క సంఖ్య కాబట్టి, చివరినుంచి వెనక్కి గుణిస్తూ వస్తే ప్రతి అడుగులోనూ చేతిలో ఉండేది ఒక్క వరస. మొదటినుంచి గుణిస్తే పెద్దపెద్ద మాత్రికలు మొయ్యాలి. మాత్రికలు అలవాటైనవాళ్ళకి ఇది ఒక పూట పని. లేకపోతే పాక్షిక డెరివేటివ్‌ల జాబితా బట్టీ పట్టడమే.

ఆ రెండూ అయ్యాక ప్రాబబిలిటీ, ఆ తరవాతే స్టాటిస్టిక్స్. రియల్ ఎనాలిసిస్ ఇష్టమైతే చదవచ్చు, తొందర లేదు.

అమ్మాయి గొణుక్కుంటూనే మొదటి సెమిస్టరులో లీనియర్ ఆల్జీబ్రా రాసుకుంది. నేను కూడా శనివారాలు స్ట్రాంగ్ పాఠాలు మొదలుపెట్టాను. తొమ్మిదోదాని దగ్గర ఉన్నాను.