పదిమంది పాడిననే పంటకు ధర

పంట పండించుట ఒక ఎత్తు. దానిని గిట్టుబాటు ధరకు అమ్ముకొనుట మరొక ఎత్తు. విత్తనము, ఎరువు, సస్యరక్షణ విషయములలో మనము చూపు శ్రద్ధ సరుకు కళ్లము దాటిన పిమ్మట చూపుట లేదు.

వాడరేవుకు చేరువలో మోటుపల్లి కలదు. పూర్వమది పేరుగాంచిన ఓడరేవు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును రాజులు బలవంతముగా తీసికొనెడి ఆ కాలములో, కాకతీయ గణపతిదేవుడు 1244లో అచ్చట అభయశాసనము వేయించెను. ఇకపై నిర్ణయించిన సుంకము మాత్రమే తీసికొందుమని దాని సారాంశము. ఏ సరుకుకు ఎంత సుంకమో రాతిపై చెక్కించెను. కట్టుబాటు స్పష్టముగా ఉన్నచోటికి వర్తకులు ధైర్యముగా వత్తురు. పదిమంది వర్తకులు చేరినచోటనే సరుకుకు ధర పలుకును.

నేడు మన యార్డులలో ఆ కట్టుబాటును 1966 నాటి మార్కెట్ల చట్టము కల్పించుచున్నది. వర్తకుడు లైసెన్సు పొందవలెను. మార్కెట్ రుసుమును కొనినవాడే చెల్లించవలెను గాని అమ్మినవాడు కాదు. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తీసికొనిపోవు ప్రతి రైతును ఈ సంగతి తెలిసికొనియుండవలెను.

పోటీ ఉన్నచోటికిని, లేనిచోటికిని గల తేడా పొగాకులో కనబడును. వర్జీనియా పొగాకుకు 1976లో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడెను. 1985 నుండి మన రాష్ట్రములో బోర్డు వేలములు జరుగుచున్నవి. ప్రతి బేలుకు అందరి ఎదుట పాట జరుగును. నల్లబర్లీకి ఆ వేలము లేదు. కంపెనీలవారు ఎంత కొన్న అంత, ఏ ధర చెప్పిన అదియే. 2025లో వారు కొనుగోలు తగ్గించగా రైతుల ఇండ్లలో సరుకు నిలిచిపోయెను. తుదకు మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనవలసి వచ్చెను.

అయితే వేలము ఉన్నంత మాత్రమున చాలదు. 2020లో వర్జీనియా వేలములలోనే ధర పడిపోగా, జూలైలో మార్క్‌ఫెడ్ తానును పాటలో దిగెను. పాటదారులు కొద్దిమందియే అయిన పోటీ సన్నగిల్లును. వారు ముందుగా కూడబలుకుకొని “ఈ లాటు నీది, ఆ లాటు నాది” అని పంచుకొన్నచో వేలము పేరుకే మిగులును. ఇట్టి కుమ్మక్కును 2002 నాటి పోటీ చట్టము నిషేధించుచున్నది. విచారించి జరిమానా విధించుటకు ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ కలదు.

చట్టము ఉన్నను, మన జాగ్రత్త మనకు ఉండవలెను.

1. తాలుకాయలు ఏరి, బాగుగా ఆరబెట్టి, రకమువారీగా బస్తాలు కట్టుడు. కలగలుపు సరుకును చూచి మంచి వర్తకుడు పాటకే రాడు.

2. బండి కట్టుటకు ముందు కనీసము రెండు మార్కెట్ల ధరలు విచారించుడు. 2016లో ప్రారంభమైన ఈ-నామ్ ద్వారా పలు యార్డుల ధరలు ఫోనులోనే తెలియును.

3. సరుకు తమకే అమ్మవలెనను షరతుపై ఎవరివద్దను అప్పు తీసికొనకుడు. ఆ సంతకముతోనే మీ సరుకుకు పోటీ పోయినది. పంట రుణమునకు సహకార సంఘమునో, బ్యాంకునో ఆశ్రయించుడు.

4. తూకపు చీటీ, తక్‌పట్టీ తీసికొనక యార్డు విడువకుడు. చీటీ లేని ఫిర్యాదు నిలువదు.

గ్రామాధికారులకు ఒక మనవి. ప్రతి ఉదయము యార్డు ధరలను రైతు సేవా కేంద్రము వద్ద నలుగురికి కనబడునట్లు వ్రాయించుడు. ధర తెలియని రైతు ఎంత పెద్ద యార్డులోనైనను ఒంటరివాడే. ధర తెలిసి, సరుకు శుభ్రముగా ఉండి, అప్పు కట్టు లేని రైతు “ఈ ధరకు ఇవ్వను” అని చెప్పగలడు. ఆ మాట చెప్పగలిగిననాడే వర్తకుల మధ్య నిజమైన పోటీ మొదలగును.