చారల్లో చదువుకునే కంప్యూటర్

కొల్నారలో నా బల్ల మీదున్న జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కి సెల్‌ఫోను తగిలించి కీచురొద వినిపిస్తుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "మాస్టారూ, చప్పుడు వింటే దానికి బొమ్మెలా వస్తాది?" పాత హోమ్ కంప్యూటర్లు బాగుచేసుకునే వాళ్లకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉండదు.

మన బడుల్లోకి 1984లో క్లాస్ అనే ప్రభుత్వ ప్రాజెక్టుతో వచ్చినవి ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రోలు. స్పెక్ట్రమ్‌ను తర్వాత పుణెలోని డెసిబెల్స్ సంస్థ డీబీ స్పెక్ట్రమ్ పేరుతో ఇక్కడ అమ్మింది. ఇంగ్లండులో ఈ రెండూ బద్ధ విరోధులు. స్పెక్ట్రమ్ తయారుచేసిన క్లైవ్ సింక్లెయిర్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన క్రిస్ కరీ బయటికొచ్చి, హెర్మన్ హౌజర్‌తో కలిసి పెట్టిందే ఏకార్న్. బీబీసీ పేరుతో కంప్యూటర్ తయారుచేసే కాంట్రాక్టు వాళ్లకే దక్కింది. 1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ 48కే స్పెక్ట్రమ్‌ను 175 పౌండ్లకు మార్కెట్లోకి దించాడు. బీబీసీ మోడల్ బీ వెల 399. కట్టుదిట్టంలో బీబీసీయే మేలు, ఒప్పుకుంటాను. కానీ పొదుపులో ఉండే తెలివి చూడాలంటే స్పెక్ట్రమ్ మూత తీయాలి. పై 32కే మెమరీకి సగం పాడైన 64 కిలోబిట్ చిప్పులు కొని, బాగున్న సగాన్నే వాడుకున్నారు!

టేపు సంగతీ అంతే. ఇప్పుడు ఫోను వినిపించేది ఒకప్పటి ఆ టేపు చప్పుడే. క్యాసెట్ చప్పుడును అంకెలుగా మార్చడానికి బీబీసీలో వేరే చిప్పులున్నాయి. స్పెక్ట్రమ్‌లో ఆ పనంతా జెడ్80 ప్రాసెసర్ మీదే పడింది. ఇయర్ సాకెట్లోకి వచ్చిన ధ్వని లోపల ఒకే ఒక్క బిట్టు అవుతుంది: పైనుందా, కిందుందా, అంతే. రాగంతో పనిలేదు. ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు ఎంతసేపు పట్టిందో ప్రాసెసర్ లెక్కపెడుతుంది.

దాని గడియారం సెకనుకు 35 లక్షల టిక్కులు కొడుతుంది. సున్నా అంటే 855 టిక్కుల చొప్పున రెండు పల్సులు, మొత్తం 1,710. ఒకటి అంటే దానికి సరిగ్గా రెట్టింపు, 3,420. రోమ్‌లోని చిన్న రొటీన్ ప్రతి 59 టిక్కులకోసారి సాకెట్‌ను తొంగిచూసి, రెండు మలుపులు దాటాక లెక్క చూస్తుంది. సుమారు 2,400 టిక్కులకు తక్కువైతే సున్నా, ఎక్కువైతే ఒకటి. హద్దు ఇంచుమించు నడిమధ్యన ఉండటం వల్లే బెల్టు సాగిన టేప్‌రికార్డరు వేగం కాస్త తప్పినా లోడింగ్ ఆగదు. అయితే ఈ రొటీన్ ఉండేది చెరిగిపోయే ర్యామ్‌లో కాదు, తయారీలోనే అచ్చయిన 16కే రోమ్‌లో. అందులోని ప్రోగ్రాములు రాసింది నైన్ టైల్స్ సంస్థ, ముఖ్యంగా స్టీవ్ వికర్స్.

నాకు ప్రాణమైన సంగతి ఇంకొకటుంది. మలుపు దొరికిన ప్రతిసారీ ఆ రొటీన్ తెర అంచు రంగు మారుస్తుంది. టీవీలో ఒక గీతకు 224 టిక్కులు పడతాయి. కనుక సున్నాలోని ఒక్కో పల్సు నాలుగు గీతల మందాన, ఒకటిలోది ఎనిమిది గీతల మందాన చారలై కనిపిస్తాయి. ముందు వచ్చే ఏకధాటి కూత పది గీతల మందంతో ఎరుపు, నీలిపచ్చ చారలు వేస్తుంది. అసలు డేటా మొదలైతే నీలం, పసుపు. అంటే ధ్వని తరంగం టీవీ మీద తన బొమ్మ తానే గీసుకుంటుందన్నమాట. ఆసిలోస్కోపు కొనలేని మా బోటివాళ్లకు ఈ అంచే ఆసిలోస్కోపు. చారలు కుదురుగా లేకుంటే ఫోను వాల్యూము పెంచాలి, ఈక్వలైజర్ ఆపాలి, ఎంపీ3 మాని వేవ్ ఫైలు పెట్టాలి.

ఆ అమ్మాయి చూసిన బొమ్మ 6,912 బైట్లు. మొదటి 6,144 చుక్కలు, మిగతా 768 రంగులు. అందుకే నలుపు తెలుపుల బొమ్మ గీతలు వదిలి వదిలి నిండి, చివర్లో రంగులు గబగబా పూసుకుంటాయి. చివరి బైటు తనిఖీకి. లెక్క తప్పితే టేప్ లోడింగ్ ఎర్రర్ అని మొహాన పడుతుంది.

బాగుచేత మాటకొస్తే, మొదట కరెంటు. అడాప్టరు 9 వోల్టులే గానీ పిన్ను లోపలిది నెగటివ్. ఇంట్లో ఉన్న మామూలు అడాప్టరు గుచ్చితే బోర్డు మీది టీఆర్4 ట్రాన్సిస్టరు పోతుంది. కింది 16కే మెమరీలోని 4116 చిప్పులకు 5, 12, మైనస్ 5 వోల్టులు మూడూ కావాలి. ముఖ్యంగా మైనస్ 5 తప్పితే చిప్పులు కాలిపోవచ్చు. పాత కెపాసిటర్లు, పగిలిన కీబోర్డు పొర మార్చుకోవచ్చు. యాంటెన్నా సిగ్నలు పంపే మాడ్యులేటరును తప్పించి వీడియో తీగ నేరుగా బయటికి లాగితే ఇప్పటి టీవీల్లోనూ ఏవీ సాకెట్ ఉంటే బొమ్మ వస్తుంది.

1986లో సింక్లెయిర్ కంప్యూటర్లను ఆమ్‌స్ట్రాడ్ కొనేసింది. జెడ్80కి జైలాగ్ 2024 జూన్ దాకా చివరి ఆర్డర్లు తీసుకుని మూల చిప్పు తయారీకి స్వస్తి చెప్పింది. యంత్రాలకు విడిభాగాలు ఎలాగో సంపాదించుకుంటాం. టేపు మీది అయస్కాంతపు పూత మాత్రం మళ్లీ రాదు. మీ అటక మీద ప్రోగ్రాముల క్యాసెట్ ఏదైనా ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. ఆ చప్పుడును ముందు వేవ్ ఫైలుగా రికార్డు చేసి పెట్టండి.