పాంపే

పాంపే ఇటలీ దేశములోని కంపానియా ప్రాంతమున, నేపుల్స్ నగరమునకు సమీపములో ఉన్న ప్రాచీన రోమను నగరము. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలగుటచే ఇది బూడిద క్రింద పూడిపోయినది. రోమ్, అలెగ్జాండ్రియా వంటి మహానగరములతో పోల్చినచో ఇది చిన్న పట్టణమే. అయితే ఆ నగరములపై తరువాతి కాలపు కట్టడములు లేచినవి; పాంపే మాత్రము నాటి రూపముతోనే మిగిలినది. రోమను సామాన్యుల దైనందిన జీవితమును తెలుసుకొనుటకు ఇది ముఖ్యమైన ఆధారము. 1997లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశముగా గుర్తించినది.

చరిత్ర

ఆస్కన్ భాష మాట్లాడు ప్రజలు ఈ పట్టణమును స్థాపించినారని చెప్పుదురు. తరువాత ఇది సామ్నైటుల వశమైనది. క్రీ.పూ. 89లో రోమను సేనాని సుల్లా దీనిని ముట్టడించెను. క్రీ.పూ. 80లో ఇది రోమను వలస పట్టణమైనది. క్రీ.శ. 62 ప్రాంతమున వచ్చిన భూకంపము వలన అనేక భవనములు దెబ్బతిన్నవి. వాటి మరమ్మతులు ముగియకమునుపే అగ్నిపర్వతము బ్రద్దలైనది.

నగర నిర్మాణము

రాళ్ళు పరచిన వీధులు, వాటిపై బండి చక్రముల గాడులు, పాదచారులు దాటుటకు అమర్చిన ఎత్తైన రాళ్ళు నేటికిని కానవచ్చును. కాలువ ద్వారా వచ్చిన నీటిని నగరములోని ఎత్తైన చోటున చేర్చి, అచ్చటి నుండి సీసపు గొట్టములతో వీధి కొళాయిలకు, స్నానశాలలకు, సంపన్నుల ఇండ్లకు పంపెడివారు. సుమారు 20,000 మంది కూర్చొనదగిన క్రీడారంగము క్రీ.పూ. 70 ప్రాంతము నాటిది. రొట్టెల బట్టీలు, భోజనశాలలు, గోడలపై ఎన్నికల ప్రచార వ్రాతలు కూడ బయల్పడినవి.

విధ్వంసము

మొదట గంటల తరబడి నురుగు రాళ్ళు, బూడిద కురిసి ఇంటి కప్పులు కూలినవి. పిదప అత్యుష్ణ వాయువులతో కూడిన బూడిద ప్రవాహములు నగరమును ముంచి, మిగిలిన వారిని బలిగొన్నవి. దూరము నుండి దీనిని చూచిన చిన్న ప్లినీ, చరిత్రకారుడైన టాసిటస్‌కు వ్రాసిన లేఖలలో ఈ ఉత్పాతమును వర్ణించెను. ఆతని మేనమామయైన పెద్ద ప్లినీ ఈ ప్రమాదములోనే మరణించెను. విస్ఫోటనము ఆగస్టు 24న జరిగినదని చిరకాలము భావించిరి. 2018లో అక్టోబరు తేదీ గల బొగ్గు వ్రాత దొరకుటతో, అది శరత్కాలమున జరిగి ఉండవచ్చునను వాదము బలపడినది.

త్రవ్వకములు

1748లో త్రవ్వకములు ఆరంభమైనవి. గట్టిపడిన బూడిదలో శరీరములు శిథిలమై ఖాళీలు ఏర్పడినవి. 1863లో జుసెప్పె ఫియొరెల్లి ఆ ఖాళీలలో ప్లాస్టరు పోసి మృతుల ఆకృతులను వెలికితీసెను. బంగారు కడియము గల వ్యక్తిని, చెంతనున్న బిడ్డను తల్లీబిడ్డలని చాలకాలము చెప్పుకొనిరి. 2024లో వెలువడిన డి.ఎన్.ఏ. పరిశోధన ఆ వ్యక్తి పురుషుడనియు, బిడ్డతో రక్తసంబంధము లేదనియు తేల్చినది. శిథిలములను చూచి మనము కల్పించుకొను కథలన్నియు చరిత్ర కావని దీనివలన తెలియుచున్నది.

భారతదేశముతో సంబంధము

1938లో ఇచ్చట ఒక ఇంటిలో భారతీయ దంతపు స్త్రీమూర్తి లభించినది. "పాంపే లక్ష్మి"గా ప్రసిద్ధమైన ఈ బొమ్మను యక్షిణిగా భావించు పండితులును కలరు. ఇది నేపుల్స్ పురావస్తు ప్రదర్శనశాలలో కలదు. శాతవాహనుల కాలపు దక్కనుకు, రోమను ప్రపంచమునకు నడుమ సాగిన వర్తకమును ఇది గుర్తుచేయును.

పరిరక్షణ

బూడిద కాపాడిన నగరమును ఎండ, వాన, సందర్శకుల రద్దీ దెబ్బతీయుచున్నవి. 1943లో బాంబు దాడులవలనను నష్టము కలిగినది. 2010లో మల్లయోధుల భవనముగా పేరొందిన కట్టడము కూలిపోగా, మరి రెండేళ్ళకు ఐరోపా సమాఖ్య సాయముతో పెద్ద పునరుద్ధరణ పథకము మొదలైనది. నగరములో సుమారు మూడవ వంతు ఇంకను భూగర్భములోనే ఉన్నది. త్రవ్విన భాగమును నిలుపుకొనుట కష్టమైనందున, మిగిలిన దానిలో అధికభాగమును భావితరముల మెరుగైన పద్ధతులకై విడిచియుంచుట మేలని పలువురి అభిప్రాయము.