నోట్లో పుల్ల, కాలి దగ్గర బంతి

బంతితో పరుగెత్తేటప్పుడు కూడా ఫుట్‌బాల్ ఆటగాడు బిల్లీ మెరెడిత్ నోట్లో ఒక పుల్ల ఆడుతూనే ఉండేది. భోంచేశాక పళ్లు కుట్టుకునే మామూలు పుల్లే. మొదట్లో అతను పొగాకు నమిలేవాడట. చొక్కాల మీద ఆ ఉమ్మి మరకలు వదిలించడం మా వల్ల కాదని బట్టలుతికేవాళ్లు మొండికేస్తే, పొగాకు మాని పుల్ల పట్టాడని చెప్పుకుంటారు. అది నిజమో కాదో గానీ, బక్కపలచని ఒళ్లు, దొడ్డి కాళ్లు, పెదాల మధ్య పుల్ల కనిపిస్తే చాలు, కార్టూన్ కింద పేరు రాయకపోయినా అప్పటి ఇంగ్లండ్ పాఠకులు గుర్తుపట్టేవాళ్లు.

మెరెడిత్ 1874లో పుట్టాడు. ఉత్తర వేల్స్‌లో, ఇంగ్లండ్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న చర్క్ దగ్గర బ్లాక్ పార్క్ అనే బొగ్గుగని పల్లె అతనిది. పన్నెండేళ్లకే గనిలో దిగి, బొగ్గు బళ్లు లాగే పొట్టి గుర్రాలను తోలాడు. 1894లో మాంచెస్టర్ సిటీ క్లబ్బు పిలిచినప్పుడు ఇంట్లో అంత సుముఖంగా లేరు. బంతాటను నమ్ముకుని గని పని వదులుకుంటారా అని తల్లి దిగులు. దాంతో మొదటి కొన్ని నెలలూ గని పని మానకుండానే సిటీకి ఆడాడు. సొంత మైదానంలో తొలి మ్యాచ్ న్యూటన్ హీత్‌తో. ఆ జట్టే తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ అయింది. సిటీ 5-2 తేడాతో ఓడింది. ఆ రెండు గోల్సూ ఇరవై ఏళ్ల మెరెడిత్‌వే.

అతను ఆడింది కుడి అంచున. ఆ రోజుల్లో ప్రతి జట్టుకూ ముందు వరసలో ఐదుగురు ఉండేవాళ్లు. వాళ్లలో చివరన ఉన్నవాడు సున్నపు గీతను అంటిపెట్టుకుని పరుగెత్తాలి, అడ్డొచ్చిన డిఫెండర్‌ను ఏమార్చాలి, గోల్ ముందున్న సహచరులకు బంతిని ఎత్తి అందించాలి. వింగర్ అంటే అదే. మెరెడిత్ ఆ గీత మీద నడుస్తున్నట్టే ఉండేవాడు. ఉన్నట్టుండి లోపలికి తిరిగి తనే గోల్ కొట్టడమూ ఉంది. 1904 ఏప్రిల్‌లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో బోల్టన్ మీద పడిన ఒకే ఒక్క గోల్ అతనిదే. సిటీకి అది మొదటి పెద్ద కప్పు. కెప్టెనూ అతనే.

ఆ వెనకే చిక్కు వచ్చిపడింది. 1905లో, ఆస్టన్ విల్లా కెప్టెన్ అలెక్ లీక్‌కు మ్యాచ్ వదిలేయమని 10 పౌండ్లు ఇవ్వజూపాడన్న ఆరోపణపై ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మెరెడిత్‌ను ఆటకు దూరం పెట్టింది. మొదట తనకేమీ తెలియదన్నాడు. క్లబ్బు డబ్బు ఆపేసరికి, మేనేజర్ చెప్తేనే చేశానని బయటపెట్టాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. అప్పట్లో ఆటగాడి జీతం వారానికి 4 పౌండ్లు దాటకూడదు. సిటీ మాత్రం లోపాయికారీగా అంతకు మించే ఇస్తోంది. విచారణ ముగిసేసరికి ఏకంగా పదిహేడుమంది ఆటగాళ్లపై నిషేధం పడింది.

సిటీకి జరిగిన నష్టం పక్కవాళ్లకు లాభమైంది. మెరెడిత్‌నూ మరో ముగ్గురినీ యునైటెడ్ పట్టుకుపోయింది. నిషేధం తీరిన 1907 జనవరి 1ననే బరిలో దిగి, ఆస్టన్ విల్లా మీదే 1-0తో నెగ్గారు. మెరెడిత్ అందించిన బంతిని సాండీ టర్న్‌బుల్ గోల్‌లో వేశాడు. 1908లోనూ 1911లోనూ లీగ్, మధ్యలో 1909లో కప్పు. యునైటెడ్‌కు అవే తొలి లీగ్, తొలి కప్పు.

వేలమంది టికెట్టు కొని చూసేది తమ ఆట కోసమైనప్పుడు తమ కూలి నాలుగు పౌండ్లేమిటన్నది ఈ గని కార్మికుడి ప్రశ్న. 1907 డిసెంబర్‌లో మాంచెస్టర్ ఇంపీరియల్ హోటల్లో ఆటగాళ్ల యూనియన్ తొలి సమావేశం జరిగితే, దానికి అధ్యక్షత వహించింది మెరెడిత్. 1909లో యూనియన్ వదలకపోతే వెలివేస్తామని ఫుట్‌బాల్ సంఘం బెదిరించింది. చాలా జట్లు లొంగిపోయాయి. యునైటెడ్ ఆటగాళ్లు మాత్రం ‘వెలివేసినవాళ్ల జట్టు’ అని బోర్డు రాసుకుని ఫొటో దిగారు. చివరికి యూనియన్‌కు గుర్తింపు దక్కింది గానీ జీతాల పరిమితి పోలేదు. అది పోయింది 1961లో.

వేల్స్‌కు అతను ఆడింది 48 మ్యాచ్‌లు, కొట్టింది 11 గోల్స్. ఇప్పటి లెక్కన తక్కువే. కానీ అప్పుడు వేల్స్ ఏటా ఆడేది ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌లతో మూడంటే మూడే. వాటికి కూడా క్లబ్బులు చాలాసార్లు అతన్ని వదిలేవి కావు. 1895లో మొదలుపెట్టినవాడు ఇంగ్లండ్‌పై గెలుపు రుచి చూసింది 1920లో, లండన్ హైబరీలో, 2-1తో. అప్పటికి వయసు 45. వేల్స్ తరఫున అదే అతని ఆఖరి ఆట.

క్లబ్బు ఆట మాత్రం ఇంకా మిగిలే ఉంది. తిరిగి సిటీకే వెళ్లి, 1924 కప్ సెమీఫైనల్లో న్యూకాజిల్‌పై 49 ఏళ్ల వయసులో ఆడాడు. సిటీ 2-0తో ఓడింది.

1958 ఏప్రిల్‌లో మాంచెస్టర్‌లో మెరెడిత్ కన్నుమూశాడు. అక్కడి సదరన్ శ్మశానంలోని అతని సమాధి మీద నలభై ఏళ్లకు పైగా పేరు కూడా లేదు. 2001లో దానికి రాయి పెట్టించారు. ఖర్చు పంచుకున్నవాళ్లలో వేల్స్ ఫుట్‌బాల్ సంఘం ఉంది, సిటీ ఉంది, యునైటెడ్ ఉంది. ఇంపీరియల్ హోటల్లో మొదలైన ఆ యూనియన్ వారసులూ ఉన్నారు.