ఎలుకల మందు – ఇంటి కుక్క, పిల్లి

చేబ్రోలు మాగాణులలో నారుమడి మొదలు కుప్పనూర్పుడి వఱకు ఎలుకతోడి పోరు తప్పదు. మందు పెట్టవలదని మేము చెప్పబోము. అయితే ఎలుకకై పెట్టిన మందు కావలి కుక్కకో, గాదె క్రింద పండుకొను పిల్లికో తగులుట యేటేట చూచుచున్నాము. అది చాలవఱకు మన చేతి పొరపాటే గాని మందు దోషము గాదు.

ఈ మాట మేము ఒరులను తప్పుపట్టుటకు చెప్పుట లేదు. కొన్నేండ్ల క్రిందట మేమే యొక చేనిలో ఎర కలుపు విధానమును చూపి, మిగిలిన ఎర పళ్లెమును గట్టుమీదనే మఱచి కాఫీకి పోతిమి. తిరిగి వచ్చునప్పటికి రైతు వెంట వచ్చిన కుక్క దానిని నాకియుండెను. ప్రొద్దు గ్రుంకకమునుపే అది చచ్చెను. ఆ రైతు మమ్ము ఒక్కమాటయు అనలేదు. ఆయన మనుమడు మాత్రము నేటికిని మాతో మాటాడడు.

ఎర యనగా నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు. ఆ నూనె వాసన ఎలుకకెంత ఇంపో కుక్కకును అంతే ఇంపు. కావున ఎరను గట్టుమీద చల్లరాదు. సాయంకాలము కలుగులన్నిటిని మట్టితో మూసి, మఱునాడు తెఱచియున్నవాటిలో మాత్రమే పదిపదునైదు గ్రాముల పొట్లమును లోపలికి త్రోసి, మరల మట్టితో మూయవలెను. చచ్చిన ఎలుకలను ఉదయముననే యేరి లోతుగా పూడ్చవలెను. ఇంటిలోనైనచో మందుకంటె బోనే మేలు.

మన యెఱుకలో ఎలుకల మందులు ముఖ్యముగా రెండు. వాని నడత వేఱు వేఱు. ఈ భేదము తెలియకనే పెక్కు జంతువులు చచ్చుచున్నవి.

మొదటిది జింకు ఫాస్ఫైడు, నల్లని పొడి. కడుపులోని పులుపు తగిలినంతనే ఫాస్ఫీను అను విషవాయువు పుట్టును. కొలది గంటలలోనే వాంతి, ఆయాసము, వణకు కనబడును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. వైద్యుడు లక్షణములనుబట్టి చికిత్స చేయును. మన యిండ్లలో వెంటనే మజ్జిగయో చింతపండు పులుసో పోయుదురు. పులుపు ఆ వాయువును హెచ్చించును గనుక ఇది మేలు చేయకపోగా కీడు చేయును. అన్నము, పాలు కూడ పెట్టరాదు. కుక్క వాంతి చేసికొన్నచో తలుపులు తెఱచి, మొగము దూరముగా నుంచుకొనవలెను. ఆ వాయువు మనుష్యులకును ప్రమాదకరము.

రెండవది బ్రోమాడయోలోను. ఇది నెత్తురు గడ్డకట్టనీయదు. తిన్న మూడు నాలుగు దినములు జంతువు చక్కగా తిరుగుచునే యుండును. ఇంటివారు “ఏమియు కాలేదు” అని సంతోషింతురు. పిదప చిగుళ్లు తెల్లబాఱును, ముక్కున నెత్తురు కాఱును, మలము నల్లబడును. మందు తిన్న ఎలుకలను పలుమాఱు తిన్న పిల్లికిని ఈ గతి పట్టవచ్చును. దీనికి విరుగుడు కలదు: విటమిన్ కె1. వైద్యుని చెప్పుచొప్పున కొన్ని వారములు ఇయ్యవలెను. తినుట చూచిన గడియలోనే పశువైద్యశాలకు పోయినచో బ్రదుకు అవకాశము మిక్కిలి హెచ్చు. లక్షణముల కొఱకు కాచుకొనియుండుట చేజేతుల పోగొట్టుకొనుటయే.

పైరుపై చల్లు పురుగుమందు తగిలినచో చొంగ విడువక కాఱును, కనుపాపలు సూదిమొనవలె సన్నగిల్లును. ఒంటిమీద పడినయెడల చేతులకు తొడుగులు వేసికొని సబ్బునీటితో కడుగవలెను. ఈ జాతి మందులలో పెక్కింటికి వైద్యునియొద్ద అట్రోపిను సూది కలదు. జ్వరము వచ్చిన పిల్లికి మనము మ్రింగు పారాసెటమాలు బిళ్ళ వేయువారును కలరు. పిల్లి దానిని జీర్ణించుకొనలేదు. ఒక్క బిళ్ళయే ప్రాణము తీయవచ్చును.

మన రాష్ట్రమున 2022లో మొదలైన సంచార పశువైద్య వాహనములను 1962 అను సంఖ్యకు ఫోనుచేసి పిలువవచ్చును. అయితే సొంత బండి యున్నవారు వాహనము కొఱకు వేచియుండక బయలుదేఱుట మంచిది. పోవునప్పుడు మందు పొట్లమును తప్పక చేతబట్టుకొని పోవలెను. అది పాఱవేసియుండినచో కొన్న అంగడివానిని అడిగి పేరైనను కాగితముపై వ్రాయించుకొని పోవలెను.