మూత్రపిండాన్ని తొలగించవలసినది ఎప్పుడు?

బిడ్డకు మూత్రపిండం తీసివేయాలన్న మాట వినగానే, కృష్ణా డెల్టా పల్లెల నుండి విజయవాడ ఆసుపత్రులకు వచ్చిన తల్లిదండ్రులు తల్లడిల్లుతారు. ఒక్క మూత్రపిండంతోనూ మనిషి జీవించగలడని 1869లో జర్మనీ వైద్యుడు గుస్తావ్ సైమన్ శస్త్రచికిత్స చేసి నిరూపించాడు. అయినను తొలగింపు తొలి మార్గం కాదు.

మూత్రమార్గంలో అడ్డంకి ఉంటే, దానిని సరిచేసి మూత్రపిండాన్ని కాపాడటానికే వైద్యులు ప్రయత్నిస్తారు. స్కానింగులో దాని పనితీరు సుమారు 10 శాతం కంటె తగ్గినట్లు తేలి, పదేపదే ఇన్ఫెక్షన్లు సోకినా, రక్తపోటు పెరిగినా తొలగింపు గురించి ఆలోచిస్తారు. విల్మ్స్ కంతి అనే క్యాన్సరులో మాత్రం ప్రాణరక్షణకు తొలగింపు సాధారణంగా తప్పదు. కంతి రెండువైపులా ఉంటే, ముందు మందులతో కుదించి ఆరోగ్యకరమైన భాగాన్ని నిలుపుతారు.

నిర్ణయానికి ముందు రెండవ మూత్రపిండాన్ని పరీక్షించడం తప్పనిసరి. బిడ్డ భవిష్యత్తంతా దానిపైనే ఆధారపడి ఉంటుంది.